వెంట్రుకవాసి

పాలు పొంగిన సంగతి కోడలికి మాడు వాసన వచ్చాక గాని తెలియలేదు. ఆమె చూపంతా వంటగట్టు మీది ల్యాప్‌టాప్‌లో ఉంది. తెర మీద మామగారి గుండె. దాని మీదుగా ఎర్రటి అల ఒకటి పాకి, పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ దాకా వచ్చి, ఆరిపోయింది. గుండె కండరంలో విద్యుత్తు ఎలా పారుతుందో కంప్యూటరులో లెక్కగట్టడమే ఆమె ఉద్యోగం. అల ఆరిపోతే మంచిదే. ఆరకుండా మచ్చ చుట్టూ గిరగిరా తిరిగితేనే ప్రమాదం. గుండె లయ తప్పి మనిషి నిలుచున్నచోటే కూలిపోతాడు.

అలాంటప్పుడు షాకిచ్చి లయను సరిచేసే చిన్న పరికరం ఛాతీలో అమర్చుకొమ్మని డాక్టర్లన్నారు. మామగారు ససేమిరా అన్నారు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. రావచ్చు, రాకపోవచ్చు అన్న మాటకు ఒళ్ళు కోయించుకోనన్నారు. చివరికి ఇంట్లోవాళ్ళ పోరు పడలేక ఒక మెట్టు దిగారు. కోడలి లెక్కలో అల తిరిగితే ఒప్పుకుంటారు. ఆరిపోతే మరెవరూ ఆ ఊసెత్తకూడదు.

అప్పటినుంచి ఆఫీసు పని, ఇంటి పని, వాటి మధ్య ఈ గుండె. ఎన్నిసార్లు నడిపినా అల ఆరిపోతూనే ఉంది. ఆమెకు కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఇంకా అంతేనా?" అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి.

"అంతే."

"ఏదో ఒకటి సర్ది తిరిగేలా చెయ్యొచ్చుగా. నాన్న కంటే నీ లెక్క ఎక్కువా?"

"అబద్ధం చెప్పమంటావా?"

"నిజం చెప్పి ఆయన్ని పోగొట్టుకుందామా?"

ఆమె మాడిన గిన్నెలో నీళ్ళు పోసి, తెర ముందుకు తిరిగి వచ్చింది. ఈ బొమ్మకు ఆధారమైన స్కానులో మచ్చ అంచు గీత గీసినట్టుండదు, చుట్టూ మసక. హద్దు ఎక్కడ పెట్టాలో పెట్టేవాళ్ళే తేల్చుకోవాలి. ఆమె ఆ హద్దును కాస్త బయటికి జరిపింది. అల మచ్చను చుట్టింది. మళ్ళీ చుట్టింది. ఆగలేదు.

సాయంత్రం హాల్లో అందరికీ చూపించింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, ఆ మచ్చలో తన వాటా ఎంతో కూడా లెక్కగట్టమంది. ఎవరూ నవ్వలేదు.

"అమ్మాయ్, మొదటిసారే ఇలా తిరిగిందా?" అన్నారు మామగారు.

"తిరిగింది నాన్నా," అన్నాడు కొడుకు.

"నిన్నడగలేదురా."

ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆయన కాటాను కాదు, కాటా మీది వేలిని చూసిన మనిషి. ఇప్పుడు కోడలి చేతికేసి చూస్తున్నారు.

"లేదు మావయ్యా. ఆరిపోతుంటే మచ్చ హద్దు జరిపాను."

"ఎంత?"

"వెంట్రుకవాసి."

"ఎందుకు?"

"మీరుండాలని."

కొడుకు తల పట్టుకున్నాడు. ఉన్న ఒక్క దారీ ఆమే మూసేసిందన్నాడు. ఆయన వినిపించుకోలేదు.

"హద్దు ఆ వెంట్రుకకు ఇటుందా, అటుందా? స్కానుకు తెలుస్తుందా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

ఆయన ముందుకు వంగి తెర మీది మచ్చ అంచును వేలితో తడిమారు.

"మొదటిసారే తిరిగిందని ఉంటే నమ్మేవాణ్ణి కాదు. నేనేమో తిరుగుతుందా, ఆరుతుందా అని అడిగాను. అంత సన్నటి గీత మీద నిలబడ్డానని నాకెవరూ చెప్పలేదు. రేపు డాక్టరుకు ఫోన్ చెయ్యరా."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముందు ఆ హద్దును దాని చోట పెట్టెయ్యి అమ్మాయ్. నా పేరు మీద నువ్వు తప్పుడు తూకం వెయ్యకూడదు."

ఆమె వెనక్కి జరిపింది. అల మచ్చ దాకా వచ్చి ఆరిపోయింది. అప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు. ఆయనే లేచి ల్యాప్‌టాప్ మూశారు.

"వెళ్ళి పడుకో. గుండె నాది, నిద్ర మాత్రం నీకు పోయింది."