కదలకూడని నిమిషం

ఫ్లైఓవర్ దిగుతూ ఆ ఇంజనీరు రెండు బ్రేకులూ నొక్కాడు. బండి ఆగలేదు సరికదా, వేగం పెంచింది.

ఆయన డిజైన్ చేసిన ఎలక్ట్రిక్ సైకిలే అది. మాట వినే బండి. ఇవాళ ఎవరి మాటో వింటోంది. కింద మలుపులో సిమెంటు లారీ అడ్డంగా నిలబడి ఉంది. హెల్మెట్ మైకులోంచి ఆయన ఆఖరి మాటలు ఆఫీసు వాయిస్‌మెయిల్‌లోకి వెళ్ళాయి.

"ఆగిన బండికే ఎక్కుతుంది... గుర్తుపెట్టుకోండి... ఆగిన బండికే..."

ఆ తర్వాత పెద్ద చప్పుడు.

*

"ముందు ఆ కాలు ఊపడం ఆపు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఆపాడు. వెంటనే రెండో కాలు అందుకుంది.

అతని కోడ్‌నేమ్ పాదరసం. ఊరికే పెట్టలేదు. మారువేషాల్లో దిట్ట, గురిలో ఫర్వాలేదు, కుర్చీలో కుదురుగా కూచోవడంలో మాత్రం డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆఖరు.

చీఫ్ వాయిస్‌మెయిల్ ఆపేశాడు. "యాక్సిడెంట్ కాదు, మర్డర్. సైలెన్సర్ పని."

సైలెన్సర్ అంటే సరిహద్దు అవతల, నూనె బావుల మీద బతికే ముఠా.

"సైకిళ్ళంటే వాళ్ళకెందుకు సర్ అంత కడుపుమంట?"

"కిటికీలోంచి చూడు."

చూశాడు. రోడ్డు నిండా సైకిళ్ళే. బ్యాటరీ వేరే డబ్బాలో లేదు, ఫ్రేము గొట్టంలోనే ఉంది. కప్పు కాఫీ తాగేలోపు నిండిపోతుంది. ముందు బండి గుంత చూస్తే వెనక బండిని హెచ్చరిస్తుంది. పడబోతే బండే బ్యాలెన్స్ చేసుకుంటుంది. బ్రేకు వేస్తే ఆ శక్తి మళ్ళీ బ్యాటరీలోకే పోతుంది. ఒకామె ముందున్న పెట్టెలో వాషింగ్ మెషీన్ పెట్టుకుని ఎత్తు మీదికి పాట పాడుకుంటూ పోతోంది.

"మా అత్తగారికి మోకాళ్ళు అరిగిపోయాయి," అన్నాడు చీఫ్ బాధగా. "నిన్న నా కారుని ఓవర్‌టేక్ చేసి, వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపింది. ఇక పెట్రోలు ఎవడు కొంటాడయ్యా?"

ఆదివారం ఉదయం నగరమంతా కలిసి చేసే పెద్ద రైడ్ ఉంది. ఆ రైడ్‌లో అన్ని బండ్లలోకీ దొంగ అప్‌డేట్ ఎక్కించాలని సైలెన్సర్ ప్లాన్. బండ్లు పెద్ద వంతెన వాలు దిగేటప్పుడు బ్రేకులు కట్, మోటారు ఫుల్.

"ఆ ఒక్క పొద్దుటితో సరి. మళ్ళీ జన్మలో ఎవడూ సైకిలు ముట్టుకోడు."

పాదరసం కాలు ఊగడం ఆగిపోయింది. చీఫ్ తన సర్వీసులో ఆ దృశ్యం చూడటం అదే మొదటిసారి.

"ఆ రైడ్‌కి మా అక్క వస్తోంది సర్. పాపని ముందు పెట్టెలో కూచోబెట్టుకుని."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"క్యాన్సిల్ చేయించండి సర్!"

"ప్రూఫ్ ఏదయ్యా? ఇంజనీరు బండి కాలి బూడిదైంది. దొంగ సాఫ్ట్‌వేర్ ఉన్న బండి ఒక్కటి చేతికి చిక్కితే ముఠాని మొత్తం లోపలేయొచ్చు. అంతవరకు మన మాట ఎవడూ నమ్మడు." చీఫ్ ముందుకు వంగాడు. "ఆ ఇంజనీరు ఒక సేఫ్టీ రూల్ పెట్టాడు. చక్రం తిరుగుతున్న బండికి అప్‌డేట్ ఎక్కదు. మధ్యలో కదిలిందా, ఎక్కినదంతా చెరిగిపోతుంది. ఆయన చివరి మాటలకి అర్థం అదే. అంటే వాళ్ళు కొట్టేది స్టార్ట్ లైన్ దగ్గర. ముఠాలో మన మనిషి ఉంది, నెమలి. ఆ రైడ్‌కి ఈవెంట్ డైరెక్టర్ ఆవిడే. జెండా ఊపగానే సిగ్నల్ వెళ్తుందని చెప్పింది. ఆవిణ్ణి కలువు."

లేస్తూ చీఫ్ ఒక సైకిల్ గంట చేతిలో పెట్టాడు. పాతకాలపు ఇత్తడి గంట.

"ఇదేం గ్యాడ్జెట్ సర్? మ్యూజియంలోదా?"

"అప్‌డేట్ సిగ్నల్ మొదలవగానే వేడెక్కుతుంది."

"మోగుతుందా?"

"గంటన్నాక మోగదూ? పోవయ్యా!"

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేశాడు. ఆదివారం పెద్ద వాన పడుతుందట అన్నాడు.

"పడితే తడుస్తాం," అంది అక్క. "నీ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనేం లేదా?"

*

ఆదివారం. గడ్డం, మీసం, రబ్బరు పొట్ట. ఆ పొట్టలో సిగ్నల్‌ని అడ్డుకునే జామర్. పాదరసం స్టేజి పక్కకి వెళ్ళాడు.

అక్కడ వెండిరంగు జాకెట్‌లో, కళ్ళు తిప్పుకోనివ్వకుండా నిలబడి ఉంది నెమలి. వెనక ఆమె బండి, జాకెట్‌కి మ్యాచింగ్‌గా వెండి రంగే, స్టాండ్ వేసి ఉంది.

"టైర్లో గాలి ఉందా అండీ?" అన్నాడు. అది కోడ్.

"ఈ కాలం టైర్లకి గాలెందుకు?" అంది ఆమె. అదీ కోడే. తర్వాత గొంతు తగ్గించింది. "ట్రాన్స్‌మిటర్ టవర్ మీద ఉంది. నేను జెండా ఎత్తగానే మీ జామర్ ఆన్ చెయ్యండి. అంతవరకు దేన్నీ ముట్టుకోవద్దు. మీ పొట్ట బావుంది," అంటూ దాన్ని చేత్తో తడిమి సర్దింది.

"థాంక్సండీ."

తన సైకిల్ తీసుకుని గుంపులో కలిశాడు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా హ్యాండిళ్ళే. తండ్రులూ, నర్సులూ, టీచర్లూ, మూడు చక్రాల బండ్ల మీద తాతలూ. పిల్లలు అప్పుడే పోట్లాడుకుంటున్నారు.

"ఒరేయ్!"

పాదరసం తల తిప్పాడు. పక్కనే అక్క. ముందు పెట్టెలో హెల్మెట్ పెట్టుకున్న మేనకోడలు.

"మీరెవరో నాకు..." అన్నాడు గొంతు మార్చి.

"చాల్లే. గడ్డం పెట్టుకుంటే సరా, ఆ కాలు ఊపడం మానొద్దూ? ఏంట్రా ఈ వేషం? ఉద్యోగం మళ్ళీ ఊడిందా?"

"మావయ్యా, నీ పొట్ట నిజందేనా?" అంది మేనకోడలు. వేలితో గుచ్చి చూసింది కూడా.

స్టేజి మీద నెమలి జెండా చేతికి తీసుకుంది. పాదరసం వేలు జామర్ బటన్ మీదికి వెళ్ళింది. ఎక్కడో ఏదో గుచ్చుకుంటోంది. జెండా ఎత్తితే జనం కదులుతారు కదా! కదిలే బండికి అప్‌డేట్ ఎక్కదు కదా! మరి జెండా ఊపగానే సిగ్నల్ అని ఎలా చెప్పింది?

మైకులో నెమలి గొంతు తేనెలా వినిపించింది.

"ఈ బండిని మనకిచ్చి, మనల్ని వదిలి వెళ్ళిపోయిన ఆ మహానుభావుడికి నివాళిగా ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం. అందరూ రెండు కాళ్ళూ నేల మీద పెట్టండి. ఎవరూ కదలకండి."

వేలాదిమంది తలలు వంచారు. వేలాది చక్రాలు ఆగిపోయాయి.

గంట చెయ్యి కాల్చేంత వేడెక్కింది.

జామర్ నొక్కాడు. ఏమీ కాలేదు. పొట్ట మెచ్చుకుంటూనే వైరు తెంపేసినట్టుంది మహాతల్లి! అక్క బండి స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత మొదలై పాకుతోంది. పక్క బండి మీదా అదే. ఆ పక్క దాని మీదా అదే. చంపినవాళ్ళే నివాళి పెట్టించారు. జనాన్ని ఆపడానికి ఆ చచ్చిపోయిన మనిషినే వాడుకున్నారు.

"అక్కా, కదులు!" అన్నాడు గుసగుసగా.

"ష్! బుద్ధుండాలి. చనిపోయినాయన కోసం ఒక్క నిమిషం నిలబడలేవా?"

గీత సగం దాటింది. అరిస్తే పిచ్చివాడనుకుంటారు, సెక్యూరిటీ పట్టుకుపోతుంది. వివరించే టైము లేదు. ఏం చెయ్యాలి? ఏం చెయ్యాలి?

చిన్నప్పటి నుంచీ కుదురుగా నిలబడలేని ఆ కాలు తనంతట తానే పెడల్ మీదికెక్కింది.

ట్రింగ్! ట్రింగ్ ట్రింగ్ ట్రింగ్!

ఆ నిశ్శబ్దంలో ఆ గంట బాంబులా మోగింది. పాదరసం రబ్బరు పొట్ట ఊపుకుంటూ స్టార్ట్ లైన్ దాటేసి దూసుకుపోయాడు.

క్రమశిక్షణ గల దేశంలో కూచుని ప్లాన్ గీసుకున్న సైలెన్సర్ పెద్దలకి ఈ జనం సంగతి తెలియదు. ఇక్కడ రెడ్ సిగ్నల్ దగ్గర ఒకడు అంగుళం జరిగితే వెనకున్న అందరికీ పచ్చ లైటు కనిపిస్తుంది. ముందు ఒక తాత కదిలాడు, "అయిపోయిందేమో" అంటూ. తాత వెళ్ళిపోతుంటే నర్సు ఊరుకుంటుందా? నర్సుని దాటాలని టీచరు. "మనమే లాస్టవుతాం పదమ్మా!" అని మేనకోడలు పెట్టెలోంచి కేక. అక్క తిట్టుకుంటూనే తొక్కింది.

రోడ్డు మొత్తం జలజలా కదిలింది. చివరి కొసకి వచ్చిన ఆకుపచ్చ గీతలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"ఆగండి! ఆగండీ!" నెమలి మైకులో అరిచింది. ఎవరూ ఆగలేదు. అయిపోయిందని అర్థమైంది ఆమెకి. ఒక్క గెంతులో స్టేజి దిగి తన వెండి బండెక్కి పక్కదారి పట్టింది. పాదరసం హ్యాండిల్ తిప్పి వెంటపడ్డాడు. ఆ దారీ పెద్ద వంతెనకే వెళ్తుంది. వాలు మొదలైంది. ముందున్న వెండి బండి ఉన్నట్టుండి బాణంలా దూసుకుపోయింది.

ఊరంతా కదిలినా ఆ నిమిషమంతా కదలకుండా స్టాండ్ మీద నిలబడిన బండి ఒక్కటే ఒక్కటి. ఆమెదే! మొత్తం ఎక్కేసింది. కంగారులో ఆ ఊసే మరిచిపోయింది పాపం.

"బ్రేకు పట్టట్లేదూ!" అన్న కేక గాల్లో తేలి వచ్చింది.

కింద మలుపులో రైడ్ వాళ్ళు పేర్చిన గడ్డిమోపులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. వెండి జాకెట్ నిండా గడ్డితో నెమలి బయటపడింది. పక్కన పడ్డ బండి ఒక్క గీత కూడా పడకుండా, చక్రం తిప్పుకుంటూ ఉంది. చీఫ్ అడిగిన ప్రూఫ్.

*

సాయంత్రానికి ముఠా మొత్తం లోపల ఉంది. పాదరసానికి రెండు మెసేజీలు వచ్చాయి. ఒకటి నిర్వాహకులది. మౌనం పాటించనందుకు ఇకపై ఏ రైడ్‌కీ రానివ్వరట. రెండోది అక్కది. "సిగ్గులేనోడా, పాపకి నువ్వే హీరోవట. భోజనానికి రా."

దారిలో ఫ్లైఓవర్ దిగాక మలుపు దగ్గర ఆగాడు. ఇంజనీరు పడిపోయిన చోట ఎవరో పూలు పెట్టారు. గంట విప్పి వాటి పక్కన పెట్టి, తల వంచాడు. ఆయనకి బాకీపడ్డ నిమిషాన్ని ఇప్పుడైనా కదలకుండా ఇవ్వాలని గట్టిగా అనుకున్నాడు.

ఫోన్ మోగింది. చీఫ్.

"ఎక్కడున్నావయ్యా?"

"మౌనం పాటిస్తున్నాను సర్."

"మరి ఆ టకటక ఏంటి?"

పాదరసం కిందికి చూసి నిట్టూర్చాడు. "కాలండీ. అది మాత్రం ఎవరి మాటా వినదు."