చింతపండుతో తోమిన ఇంజను

"నా గీతలు చెరిపేసిందెవరు? దాక్కోకుండా బయటికి రండి! మీ ఇద్దరిలో ఒకరు నా ఇంజను గొంతు కోశారు!"

ఉండి ఊళ్ళో ఇంకా కాఫీలు తాగుతున్న వేళ. మంజుష అరుపుకి అరుగు మీద పేపరు చదువుతున్న వీరభద్రరాజు ఉలిక్కిపడ్డాడు. వంటింట్లోంచి సూర్యకాంతమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

వసారాలో వీరభద్రరాజు పాత బుల్లెట్ స్టాండు మీద నిలబడి ఉంది. ఒకప్పుడు రొయ్యల చెరువుల గట్ల మీద ఊరంతా వినబడేలా తిరిగిన బండి. ఇంజను పట్టేశాక షెడ్డులో పడేశారు. ఆయన స్నేహితుడు లోకనాథ్ భీమవరంలో కొత్త హోటల్ పెడుతూ, గుమ్మం ముందు బొమ్మలా నిలబెట్టుకుంటానని అడిగితే ఈయన సరేనన్నాడు. కూతురు ఒప్పుకోలేదు. మంజుష రొయ్యల ల్యాబులో నీళ్ళు పరీక్ష చేసే పిల్ల, ఇంజను ముట్టుకోవడం ఇదే మొదలు. అయినా ఫోన్లో వీడియోలు చూసి మొత్తం విప్పింది, పిస్టన్ మార్చింది, మళ్ళీ బిగించుకుంటూ వచ్చింది. లోకనాథ్ ట్రక్కు వచ్చేలోగా స్టార్టయితే బండి ఆమెది, కాకపోతే హోటల్‌ది. తండ్రీకూతుళ్ళ పందెం అది. ట్రక్కు వచ్చేది ఈ ఉదయమే.

ఇక మిగిలింది ఒక్క పళ్ళెం. ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో తేల్చే పాయింట్ల పళ్ళెం. అది ఏ వాలులో కూర్చోవాలో తెలియడానికి మార్కర్‌తో గీతలు గీసి పెట్టుకుంది. ఇప్పుడా పళ్ళెం దేవుడి మందిరంలో సామానులా తళతళలాడుతోంది. గీత లేదు, గుర్తు లేదు.

"నేనేనమ్మా," అంది సూర్యకాంతమ్మ. "జిడ్డోడుతోందని చింతపండేసి తోమాను. ఆ మూతలు కూడా తోమాను, చూడు ఎంత బాగున్నాయో!"

"చింతపండా? ఇదేమన్నా ఇత్తడి బిందా అమ్మా!"

వీరభద్రరాజు నవ్వు ఆపుకోలేకపోయాడు. "పోనీలే అమ్మలూ. హోటల్ ముందు పెట్టడానికి మెరిస్తే చాలుగా."

మంజుష చేతిలో స్పానర్ కింద పెట్టింది.

"నాన్నగారూ, ఇదే అన్నయ్య అడిగితే హోటల్‌కిస్తానని అనేవారా? వాడికి మోజు లేదని తెలిసీ వాడికోసం ఇన్నాళ్ళు దాచారు. నేనడిగితే మాత్రం మీకు లోకనాథ్ గారు గుర్తొచ్చారు. నేనీ ఇంటి మనిషిని కానా?"

"ఆడపిల్ల బుల్లెట్ తోలితే..."

"తోలితే ఏంటి? చెరువులో రొయ్యలు అలుగుతాయా?"

జవాబు లేని మగాళ్ళందరూ చేసే పనే ఆయనా చేశాడు. పేపరు మళ్ళీ విప్పాడు.

మంజుష కోపం తల్లి మీదికి మళ్ళింది. "నువ్వూ అంతే! ఒక్కరోజైనా నా పక్కన నిలబడ్డావా?"

"నిలబడ్డానే." సూర్యకాంతమ్మ గరిటె పక్కన పెట్టింది. "రోజూ కాఫీ పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డాను. ఒక్క నట్టు పట్టుకోమన్నావా? అక్కడ పెట్టేసి వెళ్ళమ్మా అన్నావు. నాకూ ఓ చెయ్యి వెయ్యాలనుండదా? నాకొచ్చింది తోమడమే. తోమాను."

నాన్న తనకి ఏ తలుపు మూశాడని మంజుష అరుస్తోందో, ఆ తలుపే తను అమ్మ ముఖాన మూసింది. అదీ రోజూ, కాఫీ తాగుతూ. కళ్ళు మండాయి. నూనె చేత్తోనే తుడుచుకుంటే చెంప మీద నల్లటి చార పడింది.

"అమ్మా, ఇలా రా. ఈ ప్లగ్గు కన్నం మీద బొటనవేలు గట్టిగా నొక్కి పెట్టు. నేను వెనక చక్రం తిప్పుతాను. గాలి వేలిని తన్నగానే చెప్పు."

సూర్యకాంతమ్మ చీర కొంగు దోపుకుని కూర్చుంది. చక్రం మెల్లగా తిరిగింది.

"ఏం లేదు... ఏం లేదు... అయ్యబాబోయ్! తన్నిందే! నువ్వు కడుపులో ఉండగా తన్నినట్టే తన్నిందే!"

"అదే! పిస్టన్ పైకొస్తోంది! ఆగు, ఆగు, కదలకు!"

ఇద్దరూ చిన్నపిల్లల్లా అరుస్తున్నారు. గీతలు పోతే పోయాయి, దారి దొరికింది. మంజుష పళ్ళెం బిగించబోయి ఆగింది. "పాయింట్లు విడిపోయే క్షణం పట్టుకోవాలి. మధ్యలో పల్చటి కాగితం పెట్టి లాగాలి. పట్టు వదిలినచోటే రవ్వ."

పేపరు ముక్క పెడితే మందమైంది. సూర్యకాంతమ్మ పరుగున వెళ్ళి డబ్బాలోంచి పూతరేకు పొర తెచ్చింది. అది పొడిపొడిగా రాలింది.

"సిగరెట్ కాగితమైతే సరిగ్గా సరిపోతుంది," అంది మంజుష. "మనింట్లో ఎక్కడుంటుంది?"

అరుగు మీంచి దగ్గు వినిపించింది. వీరభద్రరాజు లేచి, కరెంటు మీటరు పెట్టె వెనక చెయ్యి పెట్టి, ఒక ప్యాకెట్టు తీశాడు.

"మానేశానన్నారు కదండీ?" అంది సూర్యకాంతమ్మ.

"మానేశానండి. పొద్దుటి పూట మానేశాను."

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళామూ ఎంత పోట్లాడుకున్నా 'అండి' వదలరు. "మీ సంగతి తర్వాత చూస్తానండి, ముందు కాగితం ఇవ్వండి!" అంది ఆవిడ.

ఆయన ఇవ్వలేదు. తనే గొంతుక్కూర్చుని, కాగితం పాయింట్ల మధ్య దూర్చి, ఊపిరి బిగబట్టి లాగుతున్నాడు. "పళ్ళెం ఇంకాస్త తిప్పు... ఇంకాస్త... ఆఁ! వదిలింది! బిగించమ్మా, బిగించు!"

మంజుష పళ్ళెం బిగించి, ప్లగ్గు తిరిగి పెట్టింది. పెట్రోలు తిప్పి కిక్కు మీద లేచి దిగింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ కొట్టింది. ఢామ్మని ఒక్క పేలుడు! పెరట్లో కోళ్ళు గోడెక్కాయి. పళ్ళు బిగించి మళ్ళీ కొట్టింది.

డుగ్... డుగ్... డుగ్డుగ్డుగ్!

వసారా కప్పు రేకులు అదిరాయి. మంజుష ఎగిరి గంతేసింది. సూర్యకాంతమ్మ రెండు అరచేతులూ ట్యాంకు మీద పెట్టి, ఆ అదురు భుజాల దాకా పాకుతుంటే, ఏడుస్తూ నవ్వుతోంది.

"నీదే అమ్మలూ," అన్నాడు వీరభద్రరాజు, ఇంజను మోతలో గొంతు పెంచి. "నువ్వు అడిగిన రోజే అనాల్సిన మాట. తప్పు నాది."

గేటు దగ్గర ట్రక్కు హారన్ మోగింది. లోకనాథ్ దిగి నవ్వుతూ వచ్చాడు. "రాజుగారూ, బండి రెడీయేనాండి? మనుషుల్ని పిలవమంటారా?"

వీరభద్రరాజు నోరు తెరిచేలోపు సూర్యకాంతమ్మ అందుకుంది.

"ఇవ్వట్లేదండి లోకనాథ్ గారూ. కాఫీ తాగి వెళ్ళండి, ముందు ట్రక్కు అడ్డం తీయించండి." కూతురి వైపు తిరిగింది. "నువ్వు వెనక కూర్చో. నేను ముందు కూర్చుంటాను. రేపూ వద్దు, మంచిరోజూ వద్దు. క్లచ్ ఏదో ఇప్పుడే చెప్పు."