చిన్న సంచి చాలన్నాడు

ఆదివారం పొద్దున పెనం మీద దోసె తిరగేస్తూ చెంగమ్మ పెరట్లోకి చూసింది. కోడలు వసంతమ్మ సైకిలును గోడకు ఆనించి, వెనక క్యారియర్‌ను జానలతో కొలుస్తోంది.

"ఏందే, సైకిలుకు రవిక కుట్టిస్తావా?" అంది చెంగమ్మ.

"సంచి కొనాల అత్తా. రోజూ పొయ్యేదానికీ, పల్లెలో రాత్రి ఉండాల్సొస్తే దానికీ, రెండిటికీ ఒకటే సరిపోవాల."

వసంతమ్మ ఏర్పేడు ఆస్పత్రిలో నర్సుగా చేరి నాలుగేళ్లయింది. చుట్టుపక్కల తొమ్మిది పల్లెలకు సైకిలు మీదే తిరుగుతుంది. ఇన్నాళ్లూ మందుల డబ్బా, రిజిస్టరు ఒక గుడ్డసంచిలో వేసి హ్యాండిల్‌కు తగిలించుకునేది. అది ముందు చక్రానికి రాసుకుని రెండుసార్లు చిరిగింది. ఈ నెల నుంచి డాక్టరమ్మ కొత్త పని అప్పజెప్పింది. నెలలు నిండినవాళ్లున్న దూరపు పల్లెల్లో వారానికో రాత్రి ఉండాలి.

ఆ సంగతి భర్తకు చెప్పి నాలుగు రోజులైంది. బియ్యం మిల్లులో గుమాస్తా అయిన దామోదరం అవుననలేదు, కాదనలేదు. ఇప్పుడు గడ్డానికి సబ్బు పూసుకుంటూ అద్దంలోంచే అన్నాడు. "పద, తిరుపతికి పోదాం. సంచి నేనే చూస్తా."

గాంధీ రోడ్డులోని సైకిలు షాపులో ధనంజయ అనే ఆయన మూడు రకాలు చూపించాడు. మొదటిది పోస్టుమాన్లు వేసుకునే జోడు సంచి. వసంతమ్మ స్టాండు వేసిన సైకిలు ఎక్కి పెడలు తొక్కి చూసింది. తిప్పినప్పుడల్లా మడమ సంచికి తగిలింది. "దీంతో పది మైళ్లు తొక్కలేను" అని దిగేసింది.

రెండోది మందపాటి కాన్వాసుది. క్యారియర్‌కు ఆ సంచి వెనక్కి జరిగి కూర్చుంది. మడమకు తగల్లేదు. తోలు పట్టీలు బిగిస్తే చిన్నదవుతుంది, వదిలితే పైన దుప్పటి చుట్ట కూడా పడుతుంది. విప్పితే భుజాన తగిలించుకోవచ్చు.

"వాగులూ వంకలూ ఉన్న పల్లెలకు ఇదేనమ్మా. సైకిలు ఈ గట్టున పెట్టి, సంచి భుజానేసుకుని దాటేయొచ్చు" అన్నాడు ధనంజయ.

వసంతమ్మ ముఖం వెలిగింది. దామోదరం మాత్రం మూడోదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. సీటు వెనక తగిలించే చిన్న సంచి. డబ్బా, రిజిస్టరు పెడితే నిండిపోతుంది.

"ఇది చాలు" అన్నాడు.

"దీంట్లో చీర కూడా పట్టదు."

"అందుకే చాలంటాండా."

షాపులో నలుగురి ముందు ఆమె గొడవ పెట్టుకోలేదు, అతను ఆ చిన్నదే కొన్నాడు. ఇంట్లో అడుగుపెట్టగానే మాత్రం నిలదీసింది.

"మీకు నామీద అనుమానమా?"

"అనుమానం నాక్కాదు. మిల్లులో మునెయ్య అందరి ముందరా ఏమడిగినాడో తెలుసా? 'మీ ఆడోళ్లు ఈ వారం యాడ పడుకుంటారప్పా' అన్నాడు. అందరూ నవ్వినారు."

"దానికి మీరేమన్నారు?"

దామోదరం తల తిప్పుకున్నాడు.

"ఏమీ అనలేదు కదా! వాడు అన్నదానికన్నా అదే నాకు ఎక్కువ నొప్పిగా ఉండాది."

"పొద్దున పో, పొద్దుగూకేలోపల ఇంట్లో ఉండు. ఆ మాటిస్తేనే ఉద్యోగం. లేదంటే రేపే మానెయ్."

వసంతమ్మ అత్త వైపు చూసింది. చెంగమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, "ఒప్పుకోమ్మా. ఇంట్లో గొడవెందుకు?" అంది. చేతిలో ఉన్న ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో వసంతమ్మ మాటిచ్చింది.

డాక్టరమ్మకు ఏదో ఒక సాకు చెప్పి రాత్రి పని తప్పించుకుంటూ రెండు వారాలు గడిపింది. ఆ గురువారం ఆమె వంక అవతల ఉన్న పాతగుంట కండ్రిగ అనే పల్లెకు పోయింది. కుప్పయ్య భార్య నాగులమ్మకు తొలి కాన్పు. మధ్యాహ్నం నుంచి నడుము లాగుతోందంది. చేయి పెట్టి చూస్తే నొప్పులు ఇంకా పట్టలేదు. కానీ ఆకాశం నల్లగా ఉంది. ఆ రాత్రి అక్కడే ఉండాలని వసంతమ్మ మనసు చెప్పింది. కాన్పు సామాను సంచిలో పట్టక ఆస్పత్రి బీరువాలోనే ఉండిపోయింది. మాటిచ్చిన టైము దగ్గరపడుతోంది. "రేపు తెల్లారగానే వస్తా" అని చెప్పి సైకిలెక్కింది.

మర్నాడు ఆమె బయల్దేరడానికి జడ వేసుకుంటుండగా ఎవరో తలుపు తట్టారు. దామోదరం తీశాడు. మోకాళ్ల దాకా బురదతో ఒకతను నిలబడి ఉన్నాడు.

"నేను కుప్పయ్యను సామీ. నర్సమ్మ ఉండాదా?"

"ఏమైంది?"

"సందేళకే నొప్పులొచ్చేసినాయి. బండి కట్టినాను, వానకు పొంగిన వంక దాటనీలేదు. బిడ్డ..." అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "బిడ్డ దక్కలేదు సామీ. నాగులు ఒకటే ఏడుస్తా ఉండాది, నర్సమ్మ కావాలంటాది."

దామోదరం తలుపు వదిలి పక్కకు జరిగాడు. కుప్పయ్యే మళ్లీ అన్నాడు. "ఆయమ్మ తప్పేం లేదు. ఉందామనే అనుకున్నింది. ఇంటికి పోవాలంట, మాటిచ్చిందంట."

వెనక నుంచి వచ్చిన వసంతమ్మ అంతా విన్నది. కేకలు పెట్టలేదు. చెప్పులు తొడుక్కుంటూ భర్త ముఖంలోకి సూటిగా చూసింది.

"నేనుంటే ఆ బిడ్డ బతికేదో లేదో నాకు తెలీదు. ఆడ లేను. అదొకటి తెలుసు. నా జన్మంతా తెలుస్తానే ఉంటాది."

ఆస్పత్రికి పోయి సామాను తీసుకుని, అటు నుంచే ఆమె కుప్పయ్యతో వెళ్లిపోయింది.

దామోదరం మిల్లుకు పోలేదు. అరుగు మీద కూర్చుండిపోయాడు. లోపలి నుంచి చెంగమ్మ ఏడుపు వినిపించింది. "నేనూ ఒప్పుకోమన్నాను కదరా... ఆడదాన్నై ఉండీ నేనూ అదే చెప్పినాను..."

అతను లేచి చొక్కా వేసుకుని తిరుపతి బస్సెక్కాడు.

బస్సు కండక్టరును అడిగి దారి తెలుసుకుని, మధ్యాహ్నం మూడింటికి అతను పాతగుంట కండ్రిగ వంక దగ్గరికి నడిచొచ్చేసరికి, వసంతమ్మ సైకిలు గట్టు మీద రేగు చెట్టుకు తాళం వేసి ఉంది. నీళ్లు మోకాళ్ల దాకా తగ్గాయి. కాన్వాసు సంచి భుజాన వేసుకుని, పంచె పైకి కట్టి దాటాడు. తిరుపతిలో అది కొని ఇంటికొస్తే తల్లి సర్దిన రెండు చీరలు, దుప్పటి, టార్చిలైటు అందులో ఉన్నాయి.

కుప్పయ్య గుడిసె ముందు వసంతమ్మ నీళ్లు కాస్తోంది. భర్తనూ, భుజాన సంచినీ చూసింది. ఆమె కళ్లు కోపంతో ఎర్రబడ్డాయి.

"నిన్న కావాల్సింది ఇది."

"తెలుసు."

"ఇప్పుడు తెచ్చి ఏం లాభం?"

"ఏమీ లేదు వసంతా. నలుగురు నవ్వినారని నీ చేతులు కట్టేసినాను. ఆ మునెయ్యను ఒక్కమాట అనలేనోణ్ణి, నిన్ను మాత్రం అనగలిగినాను. నన్ను క్షమించమని అడిగేదానికి కూడా నోరు రావట్లేదు."

లోపల చాప మీద పడుకున్న నాగులమ్మ తల పక్కకు తిప్పింది. ఏడ్చి ఏడ్చి గొంతు సన్నబడిపోయింది.

"అన్నా, ఈ రాత్రికి అక్కను ఈడ ఉండనిస్తావా? నాకు కండ్లు మూసుకుంటే భయంగా ఉండాది."

ఆ పిల్ల తనను తిట్టినా దామోదరం తట్టుకునేవాడేమో. ఇలా అనుమతి అడగడాన్ని తట్టుకోలేకపోయాడు. గడప దగ్గరే కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"నన్ను అడగాల్సిన పని లేదు తల్లీ. ఉంటాది. ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు ఉంటాది."

సంచిని గడప లోపల పెట్టి లేచాడు. ఎండ దిగకముందే వంక దాటాలి. వసంతమ్మ చేతులు తుడుచుకుని గట్టు దాకా వెంట వచ్చింది.

నీళ్లలోకి దిగబోతూ అతను వెనక్కి తిరిగాడు. "రేపు మిల్లులో అందరికీ నేనే చెప్తా. నా భార్య కండ్రిగలో ఉండాది, కాన్పైన పిల్లను చూసుకుంటా ఉండాది అని."

పొద్దుటి నుంచి ఒక్క కన్నీటి చుక్క రాల్చని వసంతమ్మ, అప్పుడు భర్త భుజానికి నుదురు ఆనించి భోరున ఏడ్చింది.