కొమ్ముదీర్ఘం

"చెయ్యి తియ్యండి!"

ఆ కేకకు నేనే కాదు, గదిలో ఉన్న పాలరాతి బొమ్మలు కూడా ఉలిక్కిపడి ఉంటాయి.

తప్పు నా వేళ్ళది. ఏడేళ్ళుగా మా బాబాయి బట్టల కొట్లో పనిచేస్తున్నాను. కనిపించిన బట్టనల్లా రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూడకపోతే నాకు తోచదు. సెలవు రోజు కదా అని మ్యూజియానికి వస్తే, అక్కడొక పాలరాతి అమ్మాయి. ముఖం మీదికి జారిన ముసుగు కూడా రాయేనట! ఆ ముడతలు చూస్తే ఎవరికైనా సిల్కనే అనిపిస్తుంది. వేలు దానంతటదే వెళ్ళింది.

కేక వేసిన అమ్మాయి చేతిలో కుంచె, ముక్కు మీద నల్లరంగు చుక్క. మ్యూజియంలో బోర్డులు రాసేది ఆమే.

"చదవడం రాదా మీకు? అంత లావున రాసిపెట్టాను!"

"చదివాకే ముట్టుకున్నానండీ. బట్టల కొట్టువాణ్ణి, సిల్కో కాదో చూద్దామని. మీరే చదవండి."

ఆమె విసురుగా బోర్డువైపు తిరిగింది. 'బొమ్మలను ముట్టుకోరాదూ.'

"మా పిన్ని 'ఇంకో ముద్ద తినరాదూ' అంటుంది చూడండి, అచ్చం అలాగే ఉంది. అంత ప్రేమగా బతిమాలితే కాదనడం బావుండదని..."

"వెటకారమా? మీకేమన్నా కొమ్ములున్నాయా?"

"నాకు లేవండీ. మీ 'దు'కే ఉంది, దీర్ఘంతో సహా."

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగిపోయి ముఖం చిన్నబోయింది. "మా మ్యూజియం సార్ చూస్తే నా ఉద్యోగం పోయినట్టే. ఇప్పటికే రెండు తప్పులు పట్టుకున్నారు. ఇంకొకటి దొరికితే ఇంటికే అన్నారు."

మాట పూర్తి కాకముందే ఆ సార్ రానే వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని బోర్డు చదివారు. "ఎవరిదీ నిర్వాకం?"

"నాదేనండీ" అన్నాను. "ఆవిడ కుంచె పక్కన పెట్టి అటు తిరిగారు. చేతులు ఊరుకోక దీర్ఘం లాగాను."

ఆమె నోరు తెరిచేలోగా ఆయన నాకు గుమ్మం చూపించారు. "మళ్ళీ ఈ మెట్లెక్కావంటే ఊరుకోను!"

బయట వాన. గొడుగు లేదు. మళ్ళీ ఆమెను చూసే దారి నా చేతులతో నేనే మూసేసుకున్నానని నడిరోడ్డు మీద తడుస్తుండగా వెలిగింది. వారమంతా మనసు మనసులో లేదు. మీటరు అడిగినవాళ్ళకు మీటరున్నర కోసిచ్చాను.

"ఏరా, ఇది నీ మామగారి కొట్టనుకున్నావా?" అన్నాడు బాబాయి.

శుక్రవారం సాయంత్రం ఆమే కొట్లోకి వచ్చింది. వస్తూనే రుసరుస.

"పదకొండు బట్టల కొట్లు తిరిగాను. ఇది పన్నెండోది. ఏ కొట్టో చెప్పి చావొచ్చు కదా!"

"చెప్పేలోపు గెంటేశారండీ."

"సార్‌కి నిజం చెప్పేశాను. నా తప్పు ఇంకొకరి నెత్తిన రుద్ది హాయిగా ఎలా ఉంటాను?"

"మరి ఉద్యోగం?"

"ఉంది. నిజం ఒప్పుకున్నానని ఈసారికి వదిలేశారు. ఇకనుంచి రాసిన ప్రతి బోర్డూ ఆయనకు చూపించాకే గోడకెక్కించాలట. మీరు కూడా రావచ్చన్నారు. కానీ ఒక మాట అడిగారు. పది నిమిషాల పరిచయానికి ఎవరైనా అంత నింద నెత్తినేసుకుంటారా, ఎందుకు అని. నాకు తెలీదన్నాను."

"తెలీదా?"

"తెలిస్తే పన్నెండు కొట్లు తిరుగుతానా?"

వెనకాల బాబాయి కత్తెర చప్పుడు ఆగిపోయింది. చెవులు ఇటే ఉన్నాయని అర్థమైంది. ఇక దాచి లాభం లేదు.

"మీరు నాకు నచ్చారు. ఆ కోపం, ఆ ముక్కు మీద రంగూ కూడా నచ్చాయి. మీ ముఖం చిన్నబోతే చూడలేకపోయాను. అంతే."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీద ఉన్న బట్టను అక్కర్లేకుండా మడతపెట్టింది. మళ్ళీ విప్పింది.

"సరే, సార్‌కి నేను చెప్పుకుంటాలెండి" అంది చివరికి. "మా అమ్మకు మాత్రం మీరే వచ్చి చెప్పాలి. ఆదివారం పదింటికి."