ఎడమవైపు నుంచి చదివిన కథ

బర్ దుబాయ్‌లో, బట్టల దుకాణాల వెనక సందులో ఒక పాత బిల్డింగు ఉంది. దాని నాలుగో అంతస్తు గదిలో తలుపు పక్క మంచానికి చెడ్డ పేరు. కాలు చాపుకోవడానికి జాగా దొరకని ఆ ఊళ్లో కూడా అది ఖాళీగానే పడి ఉండేది.

ఎందుకంటే... రాత్రిళ్లు మెట్ల మీద అడుగులు వినిపిస్తాయట. ధైర్యం చేసి తలుపు తీస్తే ఒక మనిషి వీపు కనిపిస్తుందట. వీపు కనబడితే వెళ్లిపోతున్నాడనే కదా అనుకుంటాం — ఆ వీపు మాత్రం దగ్గరికి వస్తుందట!

ఆ మంచాన్నే కోరి అడిగినవాడు దయాకర్. కోరుట్ల పక్క పల్లెవాడు. భయం లేక కాదు... కరోనా ముదిరిన వేసవిలో వాళ్లన్న లచ్చన్నని జ్వరంతో అంబులెన్సు ఎక్కించింది ఆ మంచం మీది నుంచే. ఆ తర్వాత బతికాడో పోయాడో చెప్పిన నాథుడు లేడు. కంపెనీ ముదీర్‌ని, అదే మేనేజరుని అడిగితే "రికార్డు లేదు, ఖలాస్" అన్నాడు. నిలువెత్తు మనిషి మాయమైతే ఒక్క మాటతో చేతులు దులుపుకున్నారు.

మూడేళ్లయింది. ఊళ్లో వాళ్లు లచ్చన్న భార్య కల్పనని పుస్తెలు తియ్యమని పోరుతున్నారు. ఆమె తియ్యనంటోంది. ప్రతి శుక్రవారం ఫోన్లో అదే ప్రశ్న.

"ఏమన్న తెల్సిందా, దయాకర్?"

"తెలుస్తది వదినా."

మంచం కింద ఒక అట్టపెట్టె దొరికింది. నిండా జపాను బొమ్మల పుస్తకాలు. లచ్చన్న ఊడ్చే పుస్తకాల షాపులో చిరిగినవి పారేస్తుంటే తెచ్చుకున్నాడు. అన్నీ ఒకే వరస దెయ్యాల కథలు. ఒక్కో భాగంలో ఒక్కో పాడుబడ్డ చోటు, ఒక్కో దిక్కులేని మనిషి. అక్షరం ముక్క అర్థం కాదు. బొమ్మలు చూస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

చివరి భాగాన్ని దయాకర్ మనందరం తెరిచినట్టే తెరిచాడు. మొదటి బొమ్మ నల్లటి గుంత. అందులోంచి ఒక చెయ్యి... తర్వాత మనిషి... చీకటి మెట్లు... పొడుగాటి దారి. ఆఖరున ఒక ఇల్లు, గడపలో ఆడమనిషి!

దయాకర్‌కి ఏడుపొచ్చింది. పోయినవాడు ఇల్లు చేరే కథ! బొమ్మలన్నీ ఫోటోలు తీసి కల్పనకి పంపాడు.

"అన్న వస్తడు వదినా. ఆయన పుస్తకమే చెప్తున్నది."

పిచ్చి అనకండి. అంతకాలం ఎదురుచూసినవాడికి ఏ గీత చూసినా కబురులాగే ఉంటుంది. కల్పన ఆ రోజు నుంచి తలుపు గడియ పెట్టడం మానేసింది. ఒక పళ్లెంలో అన్నం వేరేగా మూసిపెట్టేది.

దయాకర్ రోజూ ఆ కథే తిరగేసేవాడు. రోజూ అడుగులు వినిపించేవి. ఒక రాత్రి ఉండబట్టలేక తలుపు తీశాడు. మెట్ల మీద వీపు... ఆ వంగిన భుజాలు అచ్చం అన్నవే.

"అన్నా..."

అది తిరగలేదు. మరుసటి రాత్రి అడుగుల చప్పుడే లేదు.

ఆ రాత్రే బుడేన్ సాహెబ్ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. రాయచోటి నుంచి వచ్చిన దర్జీ, గదిలో అందరికీ పెద్దవాడు. పుస్తకం తీసుకుని నవ్వాడు.

"ఉల్టా చూస్తాండావు అబ్బయా. ఇది మా ఉర్దూ మాదిరే, కుడి నుంచి మొదలు. ఆ అంకెలు చూడు."

దయాకర్ చూశాడు. నిజమే — తను మొదటిదనుకున్న పేజీ మీదే అన్నిటికన్నా పెద్ద అంకె.

సాహెబ్ ఉర్దూ పుస్తకం తిప్పినట్టు కుడివైపు నుంచి ఒక్కో పేజీ తిప్పాడు. గడపలో ఆడమనిషి సాగనంపుతోంది. మనిషి దారి పట్టాడు. మెట్లు దిగాడు. గుంతలోకి జారాడు. చివరికి చెయ్యి ఒక్కటే... ఆ తర్వాత అంతా నలుపు.

"అంతే, ఖలాస్," అని సాహెబ్ పుస్తకం మూసేశాడు.

దయాకర్ గుండె చెరువైంది. ఇన్నాళ్లూ వదినకి తను పంపింది చావు కబురా! ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అప్పుడే ఫోను మోగింది. కల్పన. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"దయాకర్... మీ అన్న వచ్చిండు."

"వదినా?"

"ఇప్పుడే... ఎనుకకు నడుసుకుంట ఇంట్లకొచ్చిండు. పిలిస్తె మొఖం తిప్పలే. గోడ దిక్కు కూసుంటె పళ్లెం ముందల పెట్టిన. అన్నం కలుపుకున్నడు. ముద్ద నోట్ల పెట్టుకునేలోపే దిగ్గున లేసి పోయిండు. పోయేటప్పుడు మాత్రం సక్కగనే నడిసిండు..."

సాహెబ్ ఇప్పుడే కుడి నుంచి తిప్పి మూసిన పుస్తకం వైపు దయాకర్ చూశాడు. కల్పన ఏడుస్తోంది.

"మీ అన్నను నువ్వేమన్న అన్నవా, దయాకర్?"