ఊపిరి తలుపు

"పెదాలు బిగించకండి పెదనాన్నగారూ. దీపం ఆర్పినట్టు గట్టిగా ఊదండి" అంది తలుపు దగ్గర నిలబడ్డ సువర్చల.

పెదనాన్నగారు ఊదారు. పాప గది తలుపు పక్క గోడలో ఉన్న చిన్న గొట్టం ఆయన ఊపిరిని పీల్చుకుంది. పది సెకన్ల తర్వాత పచ్చ లైటు వెలిగింది. హమ్మయ్య అనుకుంటూ ఆయన వెళ్లి కుర్చీలో కూలబడి, "బారసాలకి పిలిచి ఈ పరీక్షలేవిట్రా నాయనా!" అని పక్కాయన చెవిలో గొణిగారు.

ఆయనకేం తెలుసు పాపం. పేరుకి బారసాలే గానీ అసలు జరుగుతున్నది పంచాయితీ. ముద్దాయి వరుసలో చివర నిలబడి ఉంది. ఆవిడ అప్పలనరసమ్మ, పాప తల్లి సువర్చలకి అత్తగారు. నాలుగేళ్ల తర్వాత ఆవిడ కొడుకు ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు. పిలిచింది కోడలే. ఎందుకు పిలిచిందో కోడలికి తెలుసు.

ఆ తలుపు సంగతి చెప్తాను, జాగ్రత్తగా వినండి. విశాఖలో ఇప్పుడు నెలలు నిండకుండా పుట్టిన పిల్లలున్న ఇళ్లలో చాలావాటికి ఈ తలుపు ఉంది. దాన్ని కనిపెట్టింది డాక్టర్ సువర్చలే. ఆస్పత్రిలో ఇంక్యుబేటర్ కాపాడుతుంది, నర్సులు కాపాడతారు. ఇంటికొచ్చాక ఎవరు కాపాడాలి? మనకి రెండు తుమ్ములతో పోయే జలుబు అంత చిన్న ఊపిరితిత్తుల్లో దూరితే న్యుమోనియా అయి కూర్చుంటుంది. చూడ్డానికొచ్చిన చుట్టం నవ్వుతూ ఎత్తుకుని ముద్దు పెట్టి పోతాడు. అందుకని ఈ తలుపు ఊపిరిలో తేమని చూసి, వైరస్ ఉంటే తెరుచుకోదు. దానికి మొహమాటం లేదు.

తన ఇంట్లో తలుపుకి మాత్రం సువర్చల ఇంకో పని నేర్పింది. ఒకసారి సోకిన వైరస్‌ని మన ఒళ్లు మరిచిపోదు. దాని గుర్తు యాంటీబాడీల రూపంలో, ఊదినప్పుడు వచ్చే ఉమ్మి తుంపరల్లో కూడా ఉంటుంది. ఏ రకం వైరస్, ఏ రోజుల్లో సోకిందో ఆ గుర్తుని బట్టి ఈ తలుపు చదివేస్తుంది. సువర్చల దానికి ఒకే ఒక్క వైరస్ వివరాలు ఇచ్చింది. నాలుగేళ్ల క్రితం తన మొదటి బిడ్డ ముక్కులోంచి డాక్టర్లు తీసిన వైరస్ అది.

ఆ బాబు ఏడో నెలలో పుట్టాడు. నలభై రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. తొమ్మిదో రోజున జలుబు, పన్నెండో రోజున అంతా అయిపోయింది. పేరు కూడా పెట్టలేదు. రోజూ వాడికి నీళ్లు పోసింది అప్పలనరసమ్మే. కాళ్ల మీద పడుకోబెట్టుకుని లాల పోసి, పాత పద్ధతి ప్రకారం ముక్కులో నీళ్లు పోవడానికి నోటితో ఊదేది. సువర్చల అది తన కళ్లతో చూసింది. దినాలు కూడా కాకముందే అందరి ముందూ, "నా బిడ్డని ఊది చంపేశావు, నా ఇంట్లోంచి పో" అంది. అప్పలనరసమ్మ సంచీ సర్దుకుని భీమిలి వెళ్లిపోయింది. చుట్టాల్లో ఆవిడ చేతికి పసిపిల్లని ఇచ్చినవాళ్లు మళ్లీ లేరు.

ఇప్పుడు పాప పుట్టింది. ఇదీ నెలలు తక్కువదే. వారం క్రితమే ఇంటికొచ్చింది. ఇవాళ పొద్దున పాపకి పాలిచ్చి బయటికొచ్చాక సువర్చల తలుపులో ఒక రూల్ రాసింది: నా కొడుకుని చంపిన వైరస్ వాడికి జలుబు రాకముందే ఎవరి ఒంట్లో ఉందో, వాళ్లకి ఈ తలుపు ఆర్నెల్లదాకా తెరుచుకోకూడదు. తర్వాత మొగుడు ఏడిస్తే కరిగిపోతానేమోనని, తను కూడా మార్చడానికి వీల్లేకుండా సీలు వేసేసింది. పాప గదికున్న అద్దాల కిటికీ ముందు బయట ఒక స్టూలు వేయించింది.

"ఆ స్టూలు ఎవరికి?" అని భర్త కిరీటి అడిగాడు.

"మీ అమ్మకి. మనవరాలిని చూడొచ్చు, ముట్టుకోకూడదు. ఆర్నెల్లు అలా కూర్చుని చూస్తే నా బాధ ఏమిటో తెలుస్తుంది."

వరుస ముందుకి జరిగింది. అందరికీ పచ్చ లైటే. చివరికి అప్పలనరసమ్మ గొట్టం దగ్గరికొచ్చింది.

"ఊదండి అత్తయ్యా. ఊదడం మీకు బాగా వచ్చుగా" అంది సువర్చల. అబ్బ, ఆ మాట ఎన్నాళ్లు దాచుకుందో!

ఆవిడ కోడలి మొహంలోకి ఒక్క క్షణం చూసి ఊదింది.

పచ్చ లైటు వెలిగింది.

"మళ్లీ" అంది సువర్చల.

మళ్లీ పచ్చే. చుట్టాల్లో గుసగుసలు లేచాయి. "అయితే ఈవిడ కాదన్నమాట" అన్నారు ఎవరో పైకే. సువర్చల చెవులు ఎర్రబడ్డాయి. "మిషన్‌లో ఏదో తేడా ఉంది" అంది. ల్యాబ్‌లో ఏ పరికరం మీద అనుమానం వచ్చినా ముందు తన శాంపిల్ పెట్టి చూడటం ఆవిడకి అలవాటు. అలవాటుగా వంగి తనే ఊదింది.

ఎర్ర లైటు వెలిగింది. తలుపు గొంతు అందరికీ వినపడేలా పలికింది: "రకం సరిపోయింది. బాబుకి జలుబు రావడానికి నాలుగు రోజుల ముందు సోకింది. ప్రవేశం లేదు."

సువర్చలకి ఆ రోజులు గుర్తొచ్చాయి. బాబు ఇంటికొచ్చిన అయిదో రోజున ఒక్క పూట మీటింగ్‌కి ల్యాబ్‌కి వెళ్లింది. మర్నాటి నుంచి గొంతు గరగరలాడింది. నిద్రలేక అనుకుంది. ఆ గొంతుతోనే బాబుని గుండెలకి హత్తుకుని జోల పాడింది.

లోపల పాప ఏడుపు మొదలుపెట్టింది. పాల వేళ అయింది.

"ఆ సీలు తీసెయ్ సువర్చలా" అన్నాడు కిరీటి.

"తీయడానికి లేదు."

"పోనీ పాపనే బయటికి తెస్తాను."

సువర్చల హాలు నిండా ఉన్న జనాన్ని చూసింది. దాని ఊపిరితిత్తులు గట్టిపడేదాకా గది దాటించొద్దని డాక్టర్లు చెప్పారు. "వద్దు. నా బిడ్డని తేవద్దు" అంది ఏడుస్తూ. పక్క గదిలోకి వెళ్లి, పాలు సీసాలోకి తీసి తెచ్చింది.

అప్పటికే అప్పలనరసమ్మ మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని, మాస్కు కట్టుకుని నిలబడింది. సీసా అందుకుంది.

"అత్తయ్యా, ఆ జలుబు నాదని మీకు తెలుసా?"

"తెలవకేటి? శొంటి కషాయం కాసిచ్చినది నాను గాదా?"

"మరి నాలుగేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నాను సెప్తే నువ్వు నమ్ముతావేటి? నీకు మిషను సెప్పాల. అది నువ్వు కట్టీవరకూ ఆగినాను" అని ఆవిడ గొట్టంలోకి ఊదింది.

తలుపు తెరుచుకుని, ఆవిడ వెనకాల మూసుకుంది. సువర్చల వెళ్లి అద్దం ముందు స్టూలు మీద కూర్చుంది. అప్పలనరసమ్మ పాపని ఒళ్లోకి తీసుకుంది. కుర్చీని నెమ్మదిగా జరిపి, అద్దానికి వీపు పెట్టి కూర్చుని పాలు పట్టడం మొదలుపెట్టింది.