ఎనిమిది శాతం వెలుగు

"ఎవర్నీ చంపక్కర్లేదు. కాపలా కాస్తే చాలు," అంది ఓల్ట్‌మన్స్ మేడమ్, హెరింగ్ చేప పెట్టిన బన్ను కొరుకుతూ. హాంబర్గ్ రేవులో గాలి ఆమె స్కార్ఫ్‌ని ఎగరేసి కొడుతోంది.

"ఎవరికి మేడమ్?"

"ఓ స్ఫటికానికి. నీ చిటికెనవేలి గోరంత ఉంటుంది."

వీబ్కె హార్మ్‌సెన్ గూఢచారి శాఖలో చేరి తొమ్మిదేళ్లు. అంతకుముందు ఫిజిక్స్ చదివి, పీహెచ్‌డీ మధ్యలో వదిలేసింది. ఆఫీసులో దానిమీద జోకులు వేయనివాళ్లు లేరు. ఇన్నాళ్లకి ఆ చదువు పనికొచ్చేలా ఉంది.

"ప్రొఫెసర్ ట్యార్క్ ల్యూడర్స్ పదకొండేళ్లు కష్టపడి పెంచాడు దాన్ని. లేజర్ తగిలితే సెకనులో లక్షకోట్లో వంతులో దాని లోపలి అయస్కాంతం తిరగబడుతుందట. నిజమైతే ఇప్పటి కంప్యూటర్లన్నీ తాబేళ్లే."

"నిజమని ఎలా తేలుస్తారు?"

"ముందు లేజర్‌తో కొడతారు. ఆ వెంటనే ఎక్స్-రే వదుల్తారు. అది స్ఫటికానికి తగిలి, కాస్త శక్తి పోగొట్టుకుని చెదిరి బయటికొస్తుంది. ఎంత పోగొట్టుకుందో లెక్కేస్తే లోపలేం జరిగిందో తెలుస్తుంది. కానీ గురువారం మధ్యాహ్నం మూడింటికి ఎక్స్-రే యంత్రంమీద వాళ్లకిచ్చిన ఐదు రోజులూ అయిపోతాయి. అప్పటికి సిగ్నల్ రాకపోతే ప్రాజెక్టు మూత. స్ఫటికాన్ని ఓ విదేశీ కంపెనీ పట్టుకుపోతుంది. ఆ కంపెనీ ముసుగు తీస్తే నీటికాకి అనే దొంగల ముఠా."

"నాకు తోడెవరు?"

"ఇజోరా వాల్కూర్. మన మనిషే. లేజర్ ఎక్స్‌పర్ట్‌గా ముందే లోపలుంది. నువ్వు 'ఇక్కడ వాన పక్కనుంచి కురుస్తుంది' అను. ఆమె 'గొడుగు పారిస్‌వాళ్లకి' అంటుంది."

*

గురువారం. రెండూ ఇరవై.

కంట్రోల్ రూమ్‌లో వీబ్కె ఇప్పుడు డాక్టర్ ఆంట్యె. కాఫీ మరకల బొద్దు స్వెట్టర్, దువ్వని జుట్టు, మెడలో లేజర్ కళ్లజోడు. ఎదురుగా ఆరు స్క్రీన్లు. ఆరింటిలోనూ చదునుగా ఒకే గీత.

లేజర్‌కీ ఎక్స్-రేకీ టైమ్ కుదర్చడానికే పొద్దునంతా సరిపోయింది, కానీ చక్కగా కుదిరింది. లంచ్ తర్వాత అసలు కొలతలు మొదలుపెడితే ఏమీ లేదు. చెదిరొచ్చే ఎక్స్-రే ఎంత తక్కువంటే, ఒక్కో కొలతకి ఇరవై నిమిషాలు కాచుకోవాలి. అలా నాలుగు కొలతలు అయిపోయాయి.

"ఇంక వద్దులే అమ్మాయ్," అన్నాడు ల్యూడర్స్. అరవై దాటిన మనిషి, ఐదు రోజులుగా బిస్కెట్లమీదే బతుకుతున్నాడు. "పదకొండేళ్లు ఓ రాయిని ప్రేమించాను. అంతే."

"బాధపడకండి ప్రొఫెసర్ గారూ," అంది ఇజోరా, ఆయన భుజమ్మీద చెయ్యి వేసి. నల్ల సిల్కు చొక్కా, చెక్కినట్టున్న ముఖం. ఆమె నడిచొస్తుంటే ఇంజినీర్లు స్క్రీన్లు మర్చిపోయేవాళ్లు.

వీబ్కె లాగ్‌బుక్ తిరగేస్తోంది. ఆ గదిలో ఎవరు దగ్గినా అందులో రాయాల్సిందే, అక్కడి పద్ధతి అది. పన్నెండూ నలభై దగ్గర ఆమె వేలు ఆగింది. ఇజోరా చేతిరాత: *అద్దం తుడిచాను. లేజర్ పవర్ ఎనిమిది శాతం పెంచాను.*

అద్దం తుడిస్తే వెలుగు పెరగాలి కదా. తగ్గినట్టు పెంచాల్సొచ్చిందేం?

పైగా ఎనిమిది. మామూలు గాజు ఒక్కో ముఖం దగ్గర నాలుగు శాతం వెలుగు వెనక్కి కొడుతుంది. రెండు ముఖాలకి ఎనిమిది.

లేజర్ దారిలో గాజుముక్క ఉంది. గాజులో వెలుగు నెమ్మదిస్తుంది. అంటే ఎక్స్-రే ముందొచ్చి, ఇంకా దెబ్బ తగలని స్ఫటికాన్ని చూసి వెళ్లిపోతోంది. తర్వాత తీరిగ్గా లేజర్ వస్తోంది.

మోసం చెయ్యడానికొచ్చిన మనిషి కూడా పవర్ తగ్గితే ఊరుకోలేకపోయింది. పెంచాక రాయకుండా ఉండలేకపోయింది. ఎంతైనా లేజర్‌కి అలవాటుపడ్డ చెయ్యి.

"తెలివైనదానివే," చెవి పక్కనే గుసగుసలాడింది ఇజోరా. వీబ్కె పక్కటెముకలకి పెన్ను ఆనింది. పెన్ను చివర సూది. "వెళ్లి తీసెయ్ మరి. స్ఫటికం ఉన్న గది తలుపు తెరిస్తే ఎక్స్-రే ఆగిపోతుంది. లోపల ఎవరూ లేరని గదంతా వెతికి, తాళం వేసి, అన్నీ కుదురుకునేసరికి నలభై నిమిషాలు. నీకున్నవి ఎన్నో తెలుసా? ఇరవై నాలుగు."

"ఎంతిచ్చారు నీకు?"

"మీ శాఖకంటే ఎక్కువ. కదిలావో, పొడిచేస్తా."

వీబ్కె కదిలింది.

సూది స్వెట్టర్లో దిగి టక్కున వంగిపోయింది. బొద్దుగా కనబడేది ఒళ్లు కాదు, లోపల ఉక్కు అల్లిక. మరుక్షణం ఇజోరా కుర్చీలో పడింది, చేతులు వెనక్కి వెళ్లాయి. ఆ గదిలో వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలకి కరువేముంది, వీబ్కె రెండు బిగించింది.

"అయ్యో, ఏం చేస్తున్నావమ్మా?" ల్యూడర్స్ కంగారుగా లేచాడు.

"నేను ఆంట్యెని కాను, ప్రభుత్వం మనిషిని. ఈవిడ మీ లేజర్ దారిలో గాజు పెట్టింది. దాన్ని తియ్యొద్దు. అక్కడే ఉండనిద్దాం. మనమే లేజర్ దారి తగ్గిద్దాం. లోపలున్న అద్దాన్ని ఇక్కణ్ణుంచే మోటార్‌తో జరపొచ్చుగా?"

ఇజోరా నవ్వింది. "ఎంత జరుపుతావు? గాజు మందం నీకు తెలీదే. ఒక్క కొలతకే టైముంది."

"మైక్రోస్కోపు స్లైడ్ పెట్టి ఉంటావు. ఈ ల్యాబ్‌లో ఎవరు చెయ్యి చాపినా అందేది అదే. ఒక మిల్లీమీటర్."

ఇజోరా నవ్వు ఆగిపోయింది. వీబ్కెకి అది చాలు.

"ఒక మిల్లీమీటర్ గాజంటే వెలుగుకి అర మిల్లీమీటర్ అదనపు దారి," అన్నాడు ల్యూడర్స్ మెల్లగా. "అద్దం దగ్గర అది పోయి రావాలి కాబట్టి పావు మిల్లీమీటర్ చాలు. ఇంకొంచెం జరుపుదాం, లేజర్ కాస్త ముందే రానీ." ఆయన నడుం నిటారైంది. "జరుగమ్మా. నా స్ఫటికం. ఎంటర్ నేను కొడతా."

రెండూ ముప్ఫైతొమ్మిది.

గీత కదల్లేదు. రెండూ నలభైఐదు. చదునే. రెండూ యాభై. ఎక్స్-రే ఆపే ఇంజినీర్ ఫోన్ చేసి, సరిగ్గా మూడింటికి కట్ చేస్తానన్నాడు. "చెయ్. ఒక్క సెకను ముందు మాత్రం చెయ్యకు," అని పెట్టేసింది వీబ్కె. యాభైఐదుకి గీత మధ్యలో చిన్న మొటిమ లేచింది. యాభైతొమ్మిదికి అది గుట్ట అయింది, పొద్దున లేజర్ లేకుండా తీసిన గీతలో ఏమీ లేని చోట.

మూడు. స్క్రీన్లు ఆగిపోయాయి. గుట్ట మిగిలింది.

"తిరగబడింది," అన్నాడు ల్యూడర్స్. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

పోలీసులు ఇజోరాని గుమ్మందాకా తీసుకెళ్లాక ఆయన వీబ్కె స్వెట్టర్ పట్టి లాగాడు.

"చూడమ్మా, వచ్చే నెల ఇంకో ఐదు రోజులు అడుగుదామనుకుంటున్నా. ఆవిడని వదిలే వీలుందా? ఇంత నిలకడగా లేజర్ నడిపేవాళ్లు దొరకడం లేదు."